నీళ్ల కాగితం ఎవరి కోసం?

చదువుల దారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. ఊళ్లలో బోర్ల నుంచి నీళ్లు తెచ్చి పరీక్షించి, ఫలితాల కాగితం ఇస్తాం. తీసుకున్నవాళ్లు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని ‘ఇంతకీ ఈ నీళ్లు తాగవచ్చా అమ్మా?’ అని నన్నే అడుగుతారు. నోటితో చెబుతాను. నేను లేనప్పుడు ఎవరు చెబుతారు? సమాచారాన్ని చదివేవాళ్లకు అర్థమయ్యేలా తీర్చిదిద్దడం ‘ఇన్ఫర్మేషన్ డిజైన్’ అనే పీజీ చదువని ఈమధ్యే తెలిసింది. నాకు బొమ్మలు గీయడం రాదు. వయసు 28. ‘కాగితాలు దిద్దడానికి మళ్లీ ఒక పీజీనా? బీఈడీ చెయ్యి’ అని ఇంట్లో అంటున్నారు. ఈ చదువు నాకు పనికొస్తుందా? ఎక్కడ చదవాలి? మేం ఇచ్చే కాగితం ఒకటి జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, కనిగిరి

జవాబు: తప్పకుండా పనికొస్తుంది. కాగితం చేతిలో ఉండగానే మనిషి ‘తాగవచ్చా’ అని అడిగాడంటే ఆ కాగితం తన పని చెయ్యలేదన్నమాట. ఆ సంగతి మీరు గమనించారు, గమనించి ఊరుకోలేకపోతున్నారు. ఇన్ఫర్మేషన్ డిజైన్ చదవాలనుకునేవాళ్లలో నేను మొదట వెతికేది దీన్నే. చెయ్యి తిరగడం తర్వాతి సంగతి.

మీరు పంపిన కాగితాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశాను. ఎడమ వైపు ఇంగ్లిషులో పేర్లు, పక్కన ఫలితం, ఆ పక్కన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం రెండు హద్దులు. మొదటిది అసలు ఉండవలసిన హద్దు, రెండోది వేరే నీరు దొరకనప్పుడు సరిపెట్టుకోగల హద్దు. కరిగిన లవణాలు 1,460. కాఠిన్యం 540. క్లోరైడ్ 310. ఫ్లోరైడ్ 2.8. చదువు అంతంతమాత్రంగా వచ్చిన మనిషి కన్ను ఎక్కడ ఆగుతుంది? 1,460 దగ్గర. కానీ లవణాలకు హద్దులు 500, 2,000. కాఠిన్యానికి 200, 600. క్లోరైడుకు 250, 1,000. ఈ మూడూ రెండో హద్దు లోపలే ఉన్నాయి. ఫ్లోరైడుకు హద్దులు 1, 1.5. ఈ నాలుగింటిలో రెండో హద్దు కూడా దాటింది అదొక్కటే. చూపుకు అన్నిటికన్నా చిన్న అంకె కూడా అదే. కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలను, నడుము నిలబెట్టలేని పెద్దలను చూసినవాళ్లకు ఆ అంకె ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. కాగితంలో మాత్రం అది అడుగు వరుసల్లో, మిగతావాటితో సమానమైన అక్షరాల్లో, ఏ గుర్తూ లేకుండా పడి ఉంది.

ఇప్పుడు ఆ కాగితం అందుకున్న ఇల్లాలి వైపు నుంచి చూడండి. ఆమెకు కావలసినవి ఇవి: తాగవచ్చా? అన్నం వండవచ్చా? కాచి తాగితే సరిపోతుందా? స్నానానికి, బట్టలకు పరవాలేదా? వద్దంటే మరి మంచినీళ్లు ఎక్కడ? వీటిలో కాచడం గురించిన ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. నీళ్లు కాచి తాగమని బడిలో, ఆసుపత్రిలో అందరం విన్నవాళ్లమే. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. పిల్లల కోసం శ్రద్ధగా కాచి ఇస్తున్న తల్లికి ఈ ముక్క తెలియాలి. మీ పట్టికలో దానికి గడి లేదు. ఎందుకంటే ఆ పట్టిక ల్యాబు నుంచి ఇంజనీరుకు వెళ్లడానికి పుట్టింది. ఆయనకు అది చక్కగా సరిపోతుంది. దాన్నే తీసుకెళ్లి ఇల్లాలి చేతిలో పెట్టడం దగ్గర చిక్కు మొదలైంది.

అందుకని పట్టికను పారెయ్యమనను, వెనక పేజీకి పంపమంటాను. ముందు పేజీలో పెద్ద అక్షరాలతో ఇంతే: ‘ఈ బోరు నీళ్లు తాగవద్దు, వంటకు వాడవద్దు. కాచినా ఇందులోని ఫ్లోరైడ్ పోదు. స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు.’ దాని కింద బోరు ఆనవాలు. ల్యాబు నంబరు కాదు, ఊళ్లో పిలిచే పేరు: బడి బోరు, రామాలయం వెనక బోరు. పరీక్ష చేసిన తేదీ. దగ్గరలో మంచినీళ్లు దొరికే చోటు. ఇది రాయడానికి పది నిమిషాలు పడుతుంది. ఇందులో ఏది ముందు ఉండాలి, ఏది తీసెయ్యవచ్చు, ఏ మాటను మనుషులు తప్పుగా అర్థం చేసుకుంటారు అన్నది తేలడానికే నెలలు పడుతుంది. మీరు చదవబోయేది ఆ నెలల పని.

చదవడం రానివాళ్ల మాటేమిటి, బోరుకు ఎర్ర రంగు పూస్తే పోదా అనిపించవచ్చు. బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ విషయంలో అదే చేశారు. దాదాపు 50 లక్షల చేతిపంపులను పరీక్షించి, ప్రమాదమున్నవాటికి ఎరుపు, లేనివాటికి ఆకుపచ్చ పూశారు. చదువుతో పని లేకుండా కబురు చేరింది, అది గొప్ప పని. కానీ రంగు కొన్నేళ్లకు వెలిసిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు ఉంటాయి. మన దేశంలో మాంసాహార పొట్లాల మీద ఉండే గోధుమరంగు చుక్కను 2020 నిబంధనల్లో త్రికోణంగా మార్చడానికి కారణం ఇదే. శాకాహారపు ఆకుపచ్చ చుక్కతో రంగు కలిసిపోయినా ఆకారం కలవదు. బోరుకు కూడా రంగుతో పాటు ఒక ఆకారం కావాలి. తాగే గ్లాసు మీద అడ్డగీత గీస్తే అర్థమవుతుందా, గ్లాసు పగిలిందనుకుంటారా? మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం. కనిగిరిలో అడిగితేనే తెలుస్తుంది.

గీయడం రాదన్న బెంగ గురించి. వియన్నాలో 1925లో ఓటో నాయరాత్ ఒక మ్యూజియం పెట్టాడు. ఇళ్ల కొరత, క్షయ, పిల్లల మరణాల వంటి లెక్కలను మామూలు కార్మికులకు బొమ్మలతో చూపించడం దాని పని. తర్వాత ఐసోటైప్ అన్న పేరుతో ప్రపంచమంతా తెలిసిన పద్ధతి అదే. బొమ్మలు చెక్కినవాడు గెర్ట్ ఆర్న్‌ట్స్. నిపుణులిచ్చిన లెక్కల్లోంచి ఏది చూపాలి, ఏది వదలాలి, ఏ వరుసలో చెప్పాలి అని నిర్ణయించే పని మారీ రైడెమైస్టర్ అనే ఆమెది. తర్వాత ఓటోను పెళ్లాడి మారీ నాయరాత్ అయింది. ఆమె చదివింది గణితం, భౌతికశాస్త్రం. 1950లలో పశ్చిమ నైజీరియా ప్రభుత్వం చదువు గురించి, ఆరోగ్యం గురించి, ఓటు గురించి కరపత్రాలు కావాలని అడిగితే ఆమె యూరప్ బొమ్మలను అలాగే పంపెయ్యలేదు. అక్కడికి వెళ్లి మనుషులను, ఇళ్లను, పొలాలను చూసి బొమ్మలు మార్పించింది. 1971లో ఐసోటైప్ కాగితాలన్నిటినీ ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేసింది. నేను అక్కడే చదివాను. పెన్సిలు గీతలు, కొట్టివేతలు, పక్కన చిన్న అక్షరాల్లో ప్రశ్నలు ఉన్న ఆ చిత్తుప్రతులను చేత్తో ముట్టుకుని చూడడం నా చదువులో నాకు అన్నిటికన్నా విలువైన భాగం. అచ్చయిన పటంలో కనిపించని ఆలోచన అంతా ఆ చిత్తుల్లో ఉంది. మీ కెమిస్ట్రీని అడ్డంకి అనుకోకండి. 2.8 అంటే ఏమిటో తెలిసిన మనిషి ఇటువైపు రావడం చాలా అరుదు.

ఇక చదువులో ఏముంటుంది? అక్షరాల కూర్పు, పటాలు, పట్టికలు, ఫారాలు, తెరల రూపకల్పన ఇవన్నీ ఉంటాయి. వాటికన్నా పెద్దది పరీక్ష. ఐరోపా దేశాల్లో మందుల డబ్బాలో పెట్టే కరపత్రాన్ని అచ్చు వెయ్యడానికి ముందు మామూలు మనుషుల చేత చదివించి చూడాలని చట్టం ఉంది. ‘రెండు పూటలు మర్చిపోతే ఏం చేస్తారు?’ వంటి ప్రశ్నలు వేస్తారు. నూటికి 90 మంది జవాబున్న చోటును పట్టుకోగలగాలి, వాళ్లలో నూటికి 90 మంది దాన్ని సరిగ్గా వివరించగలగాలి. అది కుదరకపోతే కరపత్రాన్ని తిరగరాయాలి, చదివినవాళ్లను తప్పు పట్టకూడదు. నెల్లూరులో నేను చేసే పని కూడా ఇలాంటిదే. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితాలను రోగుల దగ్గర, వాళ్ల వెంట వచ్చినవాళ్ల దగ్గర కూర్చుని చదివిస్తాను. ‘అర్థమైందా?’ అని ఎప్పుడూ అడగను. అలా అడిగితే పెద్దమనిషి మర్యాదకు ‘అయింది’ అంటాడు. ‘రేపు పొద్దున లేవగానే ఏ మాత్ర వేసుకుంటారు, చూపించండి’ అంటాను. వేలు ఏ గడి మీదకు వెళుతుందో చూస్తాను. 1-0-1 అని రాసి ఉంటే మధ్యలోని సున్నాను మధ్యాహ్నం అని పోల్చుకోలేక ఆ వేలు అక్కడ తడబడుతుంది. పక్కన పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని రాసి ఉంటే తడబడదు.

ఎక్కడ చదవాలంటే: నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వారి బెంగళూరు ప్రాంగణంలో ఇన్ఫర్మేషన్ డిజైన్ అన్న పేరుతోనే ఎం.డిజైన్ ఉంది. దానికి డాట్ (DAT) అనే పరీక్ష రెండు దశల్లో రాయాలి. బొంబాయి ఐఐటీలో 1969 నుంచి ఉన్న ఐడీసీ అనే డిజైన్ విభాగంలో కమ్యూనికేషన్ డిజైన్, ఇంటరాక్షన్ డిజైన్ ఉన్నాయి. హైదరాబాద్ ఐఐటీకి కందిలో డిజైన్ విభాగం ఉంది. ఈ రెంటికీ దారి సీడ్ (CEED) అనే ప్రవేశ పరీక్ష. బొంబాయి ఐఐటీ ఏటా జనవరిలో పెడుతుంది. మొదటి భాగం కంప్యూటర్ మీద గంట, రెండో భాగం కాగితం మీద రెండు గంటలు. రెండో భాగంలో గీయాలి. కానీ అక్కడ అందమైన బొమ్మ కన్నా మీ ఊహ ఎదుటివారికి చేరడం ముఖ్యం. రోజూ అరగంట మనుషులను, చేతులను, వస్తువులను గీయడం ఇప్పుడే మొదలుపెట్టండి, చాలు. సీడ్‌కు వయసు హద్దు లేదు, ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఒక్క జాగ్రత్త: సీడ్ రాయడానికి అర్హత వేరు, ఫలానా సంస్థలో సీటుకు అర్హత వేరు. మీకు ఎమ్మెస్సీ ఉంది కాబట్టి మూడేళ్ల డిగ్రీతో ఆగినవారి కన్నా మీకు తలుపులు ఎక్కువే. అయినా ఆ ఏడాది ప్రకటన చదివాకే రుసుము కట్టండి.

రీడింగులో ఎం.ఏ. ఒక్క ఏడాదే, కానీ ఫీజు బరువు. ఉద్యోగ అనుభవం ఉంది కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వమిచ్చే చీవ్‌నింగ్ ఉపకారవేతనానికి ప్రయత్నించండి. కనీసం రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్ల పాటు స్వదేశంలో ఉండాలంటారు. కనిగిరి నీళ్ల కోసం చదువుతానంటున్న మీకు ఆ షరతు కష్టం కాకపోవచ్చు. ఏ సంస్థకు వెళ్లినా అక్కడి పాత విద్యార్థిని ఒకే మాట అడగండి: ‘రెండేళ్లలో నీ పనిని బయటి మనుషుల చేత ఎన్నిసార్లు చదివించి చూశావు?’ తోటి విద్యార్థులు, అధ్యాపకులు మాత్రమే చూశారంటే నేనైతే ఆ చోటును రెండో వరుసలో పెడతాను, దాని పేరు ఎంత పెద్దదైనా.

చూపించడానికి పనుల సంపుటి కావాలి కదా. మీ చేతిలో ఉన్న కాగితమే మొదటి పని. ఐదారుగురికి ఇచ్చి, పైన రాసిన ప్రశ్నలు అడగండి. వాళ్లు అన్న మాటలు అన్నట్టే రాసుకోండి. స్కేలు, పెన్నుతో కొత్త కాగితం గీసి ఇంకో ఐదారుగురికి ఇవ్వండి. వాళ్లు తడబడిన చోట మళ్లీ మార్చండి. పాత కాగితం, మనుషుల మాటలు, మధ్యలో పనికిరాకుండా పోయిన ప్రతులు, చివరి ప్రతి అన్నీ వరుసగా పెట్టండి. మధ్య ప్రతులను దాచెయ్యకండి. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లు చూడాలనుకునేది వాటినే. పరీక్షించిన నీటి వివరాలు ల్యాబువి కాబట్టి అక్కడ అనుమతి తీసుకోండి. ఊరి పేరు, ఇంటి పేరు చెరిపేసి వాడండి.

ఇంట్లోవాళ్లు కాగితాలు దిద్దడానికి పీజీనా అన్నారన్నారు. వాళ్లకు మన నెల్లూరు జిల్లా సంగతి ఒకటి గుర్తు చెయ్యండి. 1990ల మొదట్లో ఇక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వచ్చే ఆడవాళ్ల వాచకంలో సారా వల్ల చితికిపోయిన సంసారాల పాఠాలు పెట్టారు. దూబగుంట ఆడవాళ్లు చదివి, మాట్లాడుకుని, సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఉద్యమం చేసింది ఆ ఆడవాళ్లే, వాచకం కాదు. కానీ ఆ వాచకం రాసినవాళ్లు చదివేది ఎవరో, వాళ్ల ఇంట్లో రాత్రి ఏం జరుగుతోందో తెలుసుకుని రాశారు. బీఈడీ మంచి చదువే. మీ ఉత్తరంలో దాని మీద ఇష్టం నాకు ఒక్క వాక్యంలోనూ కనిపించలేదు.

ప్రశ్న: మాది కావలి. బెంగళూరులో ఎం.డిజైన్ చదువుతున్నాను. చివరి ప్రాజెక్టు మన జిల్లా మీద చెయ్యాలని ఉంది. మైపాడు బీచికి వచ్చేవారి కోసం ఒక యాప్ అనుకున్నాను. మా గైడు ఉత్సాహం చూపలేదు. మీరేమంటారు?
– ఒక విద్యార్థి

జవాబు: మీ గైడుతో నేను ఏకీభవిస్తాను. మైపాడుకు దారి ఎవరిని అడిగినా చెబుతారు. సమాచారం అందక మనుషులు నష్టపోయే చోటు ఒకటి మీ ఇంటి దగ్గరే ఉంది.

వాయుగుండం పట్టినప్పుడల్లా టీవీలో వింటాం: ‘కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక.’ తీరంలో ఉన్న మనిషి దాన్ని ఎలా వింటాడు? పదకొండులో మూడు కదా, పరవాలేదనుకుంటాడు. మర్నాడు ఐదు అంటారు, తర్వాత ఆరు అంటారు. ఐదు కన్నా ఆరు ఎక్కువ ప్రమాదం అనుకుంటాడు. నిజానికి ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి ప్రమాదాన్ని చెబుతాయి. తుఫాను ఓడరేవుకు ఏ పక్కగా తీరం దాటుతుందన్నదే వాటి మధ్య తేడా. ఐదు అంటే తన దారికి ఎడమ వైపు ఓడరేవును ఉంచి దాటుతుందని, ఆరు అంటే కుడి వైపు ఉంచి దాటుతుందని, ఏడు అంటే ఓడరేవు మీదుగానో దాని పక్కనుంచో వెళుతుందని. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరుస, తీవ్ర తుఫాను కోసం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. పగలు స్తంభానికి కట్టే శంకువులు, స్తూపాలు, రాత్రి వెలిగించే ఎరుపు, తెలుపు దీపాలు, అన్నీ ఓడ కెప్టెన్ కోసం ఏర్పడ్డవి. గాలి ఏ వైపు నుంచి కొడుతుందో అతనికి తెలియాలి కాబట్టి కుడి ఎడమలు అతనికి ప్రాణంతో సమానం. ఇస్కపల్లిలో వల ఆరేసుకుంటున్న మనిషికి కావలసినవి వేరు. పడవ ఎంత పైకి లాగాలి? ఎప్పటిలోగా? ముసలివాళ్లను ఎక్కడికి చేర్చాలి? గొడ్లను విప్పాలా?

వరదదీ ఇదే కథ. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. సోమశిల నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలారని వార్తలు చెబుతూనే ఉంటాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. జలాశయం దగ్గర గేటు ఎత్తే ఇంజనీరుకు అది సరైన కొలత. మా వీధిలో గడప దాటుతుందా, ఎన్ని గంటలకు అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఇచ్చే హెచ్చరికలు కొంత మేలు. నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే కదలమని. కానీ సిద్ధంగా ఉండడమంటే కావలి బజారులో ఒకటి, సముద్రపు ఒడ్డున ఒకటి.

ఇది మీ ప్రాజెక్టు కాగలదు. ఒక్క ఊరు తీసుకోండి. మత్స్యకారుల్లో పెద్దవాళ్లను, బడికి వెళ్లే పిల్లలను, ఇంటి దగ్గరుండే ఆడవాళ్లను విడివిడిగా అడగండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మన జిల్లాలో వానలు కుమ్మేశాయి. ఆ రెండు రోజులూ ఏ కబురు ఎవరి ద్వారా వచ్చింది, దేన్ని నమ్మారు, దేన్ని వదిలేశారు, ఎప్పుడు కదిలారు అన్నది గంటలవారీగా రాయించండి. యాప్ అన్న మాటను అప్పటిదాకా పక్కన పెట్టండి. కరెంటు పోయిన రాత్రి ఫోను చార్జింగు ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లే చెబుతారు. చివరికి మీరు తయారుచెయ్యవలసింది గుడి మైకులో చదివే నాలుగు వాక్యాలే కావచ్చు. అదీ ఇన్ఫర్మేషన్ డిజైనే, దాన్ని చిన్నచూపు చూసే పరీక్షకుడికి ఊరివాళ్ల మాటలు చూపించండి. ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టుకోండి. మీ వాక్యం తేలికగా ఉండాలని వాతావరణ శాఖ చెప్పినదానికి మించి గాని, తగ్గించి గాని ఒక్క ముక్క రాయకూడదు. ప్రతి ప్రతినీ ఆ శాఖ మనిషికో, తహసీల్దారు కార్యాలయంలో విపత్తుల పని చూసేవారికో చూపించాకే ఊళ్లో పరీక్షించండి. ‘ఇది నిజం హెచ్చరిక కాదు, చదువు కోసం’ అని ప్రతి కాగితం మీదా పెద్దగా రాయండి. తుఫాను రోజుల్లో మాత్రం ఆ కాగితాలతో ఊళ్లోకి వెళ్లవద్దు.

ప్రశ్న: మార్కాపురంలో డీటీపీ సెంటరు నడుపుతున్నాను. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేశాను. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ బాగా వచ్చు. ఈ పీజీ నాకు అందుతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: డిగ్రీ లేకుండా పీజీ కుదరదు. దూరవిద్యలోనైనా డిగ్రీ పూర్తి చెయ్యండి, సెంటరు మూసుకోనక్కర్లేదు. ఈలోగా మీ చేతిలో చాలా ఉంది. ఊళ్లో కరపత్రాలు, నోటీసులు, ఫారాలు మీ దగ్గరి నుంచే కదా వెళ్లేది. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. కాగితం ఆదా చెయ్యడానికి వరుసలు దగ్గరికి నొక్కితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకి, చదివేవాళ్లు రెండింటినీ పోల్చుకోలేరు. అక్షరాలను అడ్డంగా కుదించడం కన్నా మాటలు తగ్గించడం మేలు. యూనికోడ్ ఫాంట్లకు మారడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. అనూలో కొట్టిన మాటర్ ఆ ఫాంటు లేని ఫోనులో చదవడానికి రాదు, వెతకడానికి దొరకదు. మీరు కొట్టిన ఫారాన్ని నింపడానికి వచ్చినవాళ్లు ఏ గడి దగ్గర మీ వైపు చూస్తారో నెలపాటు రాసుకోండి. పీజీలో మొదటి ఆరు నెలలు నేర్పేది దాదాపు ఇదే.

ప్రశ్న: మా అబ్బాయి ఒంగోలులో బీటెక్ కంప్యూటర్స్ చివరి ఏడాది. ఉద్యోగం వద్దు, ఈ డిజైన్ చదువుతానంటున్నాడు. దీనికి ఉద్యోగాలున్నాయా? వాడిని ఆపాలా?
– ఒక తండ్రి

జవాబు: ఆపకండి అన్నయ్యా. ఉద్యోగాలున్నాయి, కానీ ఈ పేరుతో వెతికితే తక్కువ కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యూఎక్స్ (వాడేవారి అనుభవం) డిజైనర్, ప్రోడక్ట్ డిజైనర్ అంటారు. బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో ఫారాలు, తెరలు చూసుకునేవాళ్లు, వార్తాసంస్థల్లో పటాలు, గణాంక చిత్రాలు వేసేవాళ్లు, వైద్యరంగంలో రోగులకిచ్చే సమాచారం తయారుచేసేవాళ్లు, అందరూ ఈ చదువువాళ్లే. సాఫ్ట్‌వేర్ వైపు జీతం బాగుంటుంది. ప్రభుత్వ, ఆరోగ్య రంగాల్లో తక్కువ. ఏ వైపు వెళ్లాలన్నది వాడు చదువు మధ్యలో తేల్చుకుంటాడు, ఇప్పుడే తేల్చమని వత్తిడి చెయ్యకండి. ఉద్యోగంలో చేరి కూడా సీడ్ రాయవచ్చు. సీడ్ మార్కులు ఒక్క ఏడాదే చెల్లుతాయి కాబట్టి ఏ సంవత్సరం చేరగలడో చూసుకుని రాయాలి.

అయితే వాడిని ఒక పని చెయ్యమనండి. ఒంగోలు బస్టాండులో ఒక పూట కూర్చుని, బోర్డు చూశాక కూడా కండక్టర్ను అడిగేవాళ్లు ఏం అడుగుతున్నారో రాసుకోవాలి. ఆ ప్రశ్నలకు జవాబిచ్చే బోర్డును కాగితం మీద గీయాలి. దాన్ని అక్కడే మళ్లీ కొందరికి చూపించాలి. సీడ్ దరఖాస్తులు మామూలుగా అక్టోబరులో మొదలవుతాయి, అప్పటికి ఈ పని రెండు మూడుసార్లు చెయ్యగలడు. వాడు రాసుకున్న ప్రశ్నలు, గీసిన బోర్డులు ఈ శీర్షిక పేరిట పంపితే చదివి, ఎక్కడ ఏం మార్చాలో విడిగా రాస్తాను.